జైలుకు వెళ్ళొచ్చిన కోచ్

క్రీడా విభాగంలో పనిచేసి రిటైరయ్యానంటే చాలామంది మొదట అడిగేది, ఏ ఆట ఆడేవారని. ఆడింది వాలీబాల్, అదీ విజయనగరంలో, పెళ్ళికి ముందు. పెళ్ళయి ఢిల్లీ వచ్చాక సహాయ క్రీడాధికారిగా ఉద్యోగం దొరికింది. ఆ తర్వాత నేను బంతి పట్టుకున్నది బహుమతుల సభల్లో ఫోటో కోసమే.

నా అసలు పని మనుషుల్ని ఎంచడం. ఎండాకాలం సెలవుల్లో ఊరంతటా పిల్లలకు శిక్షణ శిబిరాలు పెట్టేవాళ్ళం. ఉన్న కోచ్‌లు చాలరు కాబట్టి బయటివాళ్ళను తాత్కాలికంగా తీసుకునేవాళ్ళం. వచ్చినవాళ్ళలో ఎవర్ని పిల్లల దగ్గరకు పంపవచ్చు, ఎవర్ని పంపకూడదు అన్నది తేల్చే బల్ల నాది. తొంభైల్లో చాలా ఏళ్ళు ఆ బల్ల దగ్గరే గడిచాయి.

ఈ మధ్య మా చెల్లెలి కూతురు అలాంటి ఉద్యోగంలోనే చేరింది. "పెద్దమ్మా, ఇప్పుడు అన్నీ కంప్యూటర్లో తెలిసిపోతాయి, మీకున్నంత కష్టం మాకుండదు" అంది. తెలియడం వేరు, తెలిశాక ఏం చెయ్యాలన్నది వేరు అని దానికి ఫోన్లో చెప్పలేక ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, ఫైళ్ళు, సన్మానాలు ఇందులో లేవు. అవన్నీ చెప్పుకుంటే మావారే లేచి వెళ్ళిపోతారు.

మరీ మంచి సర్టిఫికెట్

మా రోజుల్లో కోచ్‌గా రావాలంటే ఆట ఆడినట్టు కాగితాలు, గెజిటెడ్ అధికారి ఇచ్చిన నడవడిక సర్టిఫికెట్, పోలీసు వెరిఫికేషన్ కావాలి. చదివితే గట్టిగానే ఉంటుంది. కానీ నడవడిక సర్టిఫికెట్ ఇచ్చే గెజిటెడ్ అధికారికి ఆ మనిషి ముఖం అప్పుడే తెలుస్తుంది. "ఇతను నాకు చాలాకాలంగా తెలుసు" అని సంతకం పెట్టి, "ఇంతకీ నీ పేరేమిటయ్యా" అని అడిగినవాళ్ళను నా కళ్ళతో చూశాను. మన తెలుగువాళ్ళం ఇందులో ఎవరికీ తీసిపోలేదు. మనవాడంటే చాలు, పెన్ను మూత తీసేవాళ్ళం.

ఇక పోలీసు వెరిఫికేషన్. మనిషిది ఏ ఊరైతే ఆ ఊరి స్టేషన్‌కు కాగితం వెళ్ళాలి, అక్కడ్నుంచి జవాబు రావాలి. అది వచ్చేసరికి సెలవులైపోయి పిల్లలు బడికి కూడా వెళ్ళిపోయేవారు. అందుకని "వెరిఫికేషన్ రావాల్సి ఉంది" అని రాసి చేర్చుకోవడం మా ఆఫీసు ఆనవాయితీ. అందరూ అలాగే చేసేవారు కాబట్టి ఎవరికీ అది తప్పుగా తోచలేదు.

నేను ఆ బల్ల దగ్గర కూర్చున్న కొత్తలో అథ్లెటిక్స్ కోచ్ ఒకతను వచ్చాడు. ప్రైవేటు స్కూల్లో చేసి మానేశాడు. ఆ స్కూలు ప్రిన్సిపాల్ ఇచ్చిన సర్టిఫికెట్ చదివితే పెళ్ళిసంబంధం చూడాలనిపించేంత బాగుంది. ఇంత మంచివాణ్ణి ఎందుకు వదులుకున్నారా అని ఆ ప్రిన్సిపాల్‌గారికి ఫోన్ చేశాను. ఆవిడ కాసేపు నసిగి, చివరికి గొంతు తగ్గించి, "అంత మంచి సర్టిఫికెట్ ఊరికే ఎవరూ ఇవ్వరు మేడమ్, మీరే అర్థం చేసుకోండి" అంది. ఆడపిల్లల తల్లిదండ్రులు గొడవపడితే, స్కూలు పేరు పోతుందని, కేసు లేకుండా రాజీనామా చేయించి, ఆ సర్టిఫికెట్ చేతిలో పెట్టి సాగనంపారట.

నేనతన్ని తీసుకోలేదు. మరుసటి ఏడాది వేరే స్కూలు పిల్లలతో మా మైదానానికే వచ్చి నాకు నమస్కారం పెట్టాడు. నేను ఆ స్కూలువాళ్ళకు చెప్పాను. "మా దగ్గర కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయండీ" అన్నారు. ఒళ్ళు మండిపోయింది.

నాయుడు

ఈ అనుభవం బుర్రలో ఉండగానే నాయుడు వచ్చాడు. వెయిట్‌లిఫ్టింగ్ కోచ్. శ్రీకాకుళం వైపు మనిషి, నలభై దాటిన వయసు, పక్కకు తిరగకుండా తలుపులో పట్టనంత భుజాలు. అతని శిష్యులు కొందరు రాష్ట్రస్థాయిలో పతకాలు తెచ్చారని అప్పటికే విన్నాం. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"అమ్మగోరూ, ముందే సెప్పెత్తన్నాను. నాను జైలుకెల్లొచ్చినోణ్ని" అన్నాడు.

ఇంటర్వ్యూలో అలా మొదలుపెట్టినవాణ్ణి అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

"ఏం చేశావు?"

"పిల్లోణ్ని కొట్టేను. సెవి పోనాది."

"ఎందుకు కొట్టావు?"

"ప్రాక్టీసుకి ఆలీసంగా వచ్చేడు. అంతే. ఇంకేటీ నేదు."

ఒక హైస్కూల్లో కోచ్‌గా ఉన్నప్పుడు జరిగింది. కుర్రాడు తొమ్మిదో తరగతి. ఒక్కటే దెబ్బ, ఎడమ చెంప మీద. కుర్రాడి తండ్రి మొండివాడు, ఊళ్ళో పెద్దలు రాజీ చెయ్యబోతే వినలేదు, కోర్టుకు వెళ్ళాడు. నాయుడికి జైలుశిక్ష పడింది. బయటికొచ్చాక ఎవరూ పని ఇవ్వలేదు. ఢిల్లీలో అయితే ఎవరికీ తెలియదని వచ్చాడా అంటే, వచ్చీ రాగానే నాతో చెప్పేశాడు.

"ఎందుకు చెప్పావు మరి? వెరిఫికేషన్ వచ్చేసరికి సెలవులైపోతాయి. ఎవరికీ తెలిసేది కాదు" అన్నాను.

"దాసుకుని బతకడం నా వల్ల కాదమ్మగోరూ. పిల్లల అమ్మానాన్నలికీ నానే సెప్పెత్తాను. మీరు ఊ అంటే మొదటి దినమే సెప్పెత్తాను."

ఆ మాటకు నేను మెత్తబడ్డాను. మన యాస వినిపించినందుకు కూడా కొంత మెత్తబడి ఉంటాను, అది వేరే సంగతి. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు చెబుతున్నాను, ఒక నిజం చెప్పినవాడు అన్ని నిజాలూ చెప్పాడనుకోవద్దు.

నైతిక పతనం

మా నిబంధనల్లో, నైతిక పతనం కిందకు వచ్చే నేరంలో శిక్ష పడినవాళ్ళను తీసుకోకూడదని ఉంది. పిల్లాణ్ణి చెవిటివాణ్ణి చెయ్యడం నైతిక పతనమా కాదా? లా ఆఫీసర్ని అడిగాను. ఆయన చాయ్ తాగుతూ తేల్చేశారు. నైతిక పతనమంటే దొంగతనం, మోసం, ఆడవాళ్ళ జోలికి పోవడం. క్రమశిక్షణలో పెట్టబోతే చెయ్యి కాస్త గట్టిగా పడింది, అది ఎలా పతనమవుతుందన్నారు. అంటే సైకిల్ దొంగిలించినవాడు పిల్లలకు పరుగు నేర్పడానికి పనికిరాడు. చెవి పోగొట్టినవాడు పనికొస్తాడు. ఆ నిబంధన రాసినవాళ్ళు పిల్లల గురించి ఆలోచించలేదని, ప్రభుత్వం సొమ్ము గురించే ఆలోచించారని నాకు ఆ రోజు అర్థమైంది.

మా డైరెక్టర్ ఖన్నా సాబ్ ఇంకా తొందరగా తేల్చారు. పతకాలు తెచ్చే కోచ్ దొరికితే ఆయనకు మిగతావి కనపడవు. "రూల్ అడ్డు లేదు కదా మిసెస్ రావ్? తో లే లో" అన్నారు, తీసేసుకోమని.

"తల్లిదండ్రులకు తనే చెప్తానంటున్నాడు సార్. చెప్పనిద్దాం. ఇష్టమైనవాళ్ళే పంపుతారు" అన్నాను.

"క్యోఁ? ఫైల్ మే హై నా? బస్."

ఫైల్లో ఉంది కదా, చాలన్నారు. ఆ 'బస్'తో అయిపోయింది. ఫైల్లో ఉంటే అందరికీ చెప్పినట్టేనని మా ఆఫీసులో లెక్క. ఆ ఫైలు ఉన్న బీరువా తాళం ఖన్నా సాబ్ దగ్గర ఉండేది. నాయుడికి వెళ్ళి చెప్పాను, నోరు మెదపొద్దన్నారని. "అలగేనమ్మా" అని తల వంచుకున్నాడు.

చేతులు వెనక్కి

మొదటి వారంలోనే శిబిరం చూడ్డానికి వెళ్ళాను. ఆ రోజుల్లో మైదానాల్లో కొట్టని కోచ్ ఉండేవాడు కాదు. విజిల్ తాడుతో కొట్టేవారు, చెంపమీద కొట్టేవారు, ఎండలో మోకాళ్ళమీద నిలబెట్టేవారు. వీళ్ళెవరికీ నేరచరిత్ర లేదు. అందరివీ శుభ్రమైన కాగితాలు. నేను అడ్డుపడితే, "మేడమ్, మా ఉస్తాద్ మమ్మల్ని ఇంతకంటే కొట్టేవాడు" అని నవ్వేవారు.

నాయుడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పిల్లాడి నడుము వంగితే మామూలుగా కోచ్‌లు వీపు మీద ఒకటి వేసి సరిచేస్తారు. నాయుడు ముట్టుకోలేదు. గోడకు వీపు ఆనించి నిలబెట్టేవాడు. పాదాలు ఎక్కడ పెట్టాలో నేలమీద సుద్దతో పాదాల బొమ్మలు గీశాడు, చిన్న పాదాలకు చిన్నవి, పెద్ద పాదాలకు పెద్దవి. పిల్లలు వాటిలో నిలబడి ఉత్త కర్ర ఎత్తడం నేర్చుకుంటున్నారు. తప్పు చేస్తే తనే ఆ పాదాల్లో నిలబడి మళ్ళీ చేసి చూపించేవాడు.

అతన్ని సాధువుని చెయ్యబోవడం లేదు. ఒకసారి ఒక పిల్లాడు బార్ ఎత్తి, వద్దంటున్నా వినకుండా పక్కవాడి పాదం దగ్గర పడేశాడు. నాయుడి మెడ నరాలు ఉబ్బాయి. గబగబా బయటికి వెళ్ళి చేతిపంపు కింద తల పెట్టాడు. నీళ్ళు కారుతూ తిరిగొచ్చి, చేతులు మళ్ళీ వెనక్కి కట్టుకున్నాడు. కోపం పోలేదు, లోపలే ఉంది. అది చూసినప్పుడు నాకు ధైర్యం, భయం రెండూ కలిగాయి.

ఫిర్యాదు రానే వచ్చింది. నేను అనుకున్న ఫిర్యాదు కాదు. సుబ్బారావుగారని గుంటూరాయన, ఏదో మంత్రిత్వశాఖలో పెద్ద గుమాస్తా. ఆయన కొడుకు బంటీ నాయుడి శిబిరంలో ఉన్నాడు. బొద్దుగా, నెమ్మదిగా ఉండే పిల్లాడు, తండ్రి తెలుగులో తిడితే హిందీలో జవాబిచ్చేవాడు.

"ఏమండీ మేడమ్, మీ నాయుడు పిల్లల్ని ఒక్క దెబ్బ కూడా వెయ్యడంటగా? మావాడు ఇంట్లో సోఫాకానుకుని కూర్చోటానికీ, ఇక్కడ గోడకానుకుని నిలబడటానికీ తేడా ఏముందండీ? నాలుగు తగిలించమనండి. మేమేం అనుకోంలే" అన్నారు.

"పిల్లల్ని కొట్టకూడదండీ" అన్నాను.

"మీరు మరీను. దెబ్బలు తినకుండా ఎవడు బాగుపడ్డాడండీ?"

ఆయనొక్కడే కాదు. ఇంకో ఇద్దరు ముగ్గురు తండ్రులైతే, ఈ మద్రాసీ కోచ్ మరీ మెత్తనివాడని పిల్లల్ని పక్కనున్న కుస్తీ శిబిరానికి మార్చుకున్నారు. నాయుడు విని నవ్వలేదు. "నన్ను మెత్తనోడన్నారామ్మా" అని మాత్రం అడిగాడు.

ఎవరో గుర్తుపట్టారు

సెలవులు సగం గడిచాక విశాఖపట్నం నుంచి ఒక రిఫరీ ఏదో పోటీకి ఢిల్లీ వచ్చాడు. అశోకా రోడ్‌లో మన భోజనం దొరికే చోట సుబ్బారావుగారి పక్కనే కూర్చున్నాడు. ఢిల్లీలో తెలుగువాళ్ళ వార్తలన్నీ ఆ పప్పూ గోంగూర మధ్యే చేతులు మారేవి. మాటల్లో నాయుడి పేరొచ్చింది. "ఆ నాయుడేనా? వాడు జైలుకెళ్ళొచ్చాడు కదా" అన్నాడట రిఫరీ.

మర్నాడు పొద్దున్నే శిబిరం గేటు దగ్గర తల్లిదండ్రులు మూగారు. అందరికంటే ముందు సుబ్బారావుగారు.

"హంతకుడి చేతుల్లో పెడతారా మా పిల్లల్ని?"

"హంతకుడు కాదండీ. పిల్లాణ్ణి కొట్టినందుకు శిక్ష పడింది. అనుభవించి వచ్చాడు."

"ఏదైతేనేం, జైలు జైలేగా!"

"మొన్న మీరే కదండీ, కొట్టడంలేదని నా దగ్గరికి వచ్చింది?"

ఆయన "కొట్టమన్నాను గానీ, జైలుకెళ్ళేట్టు కొట్టమన్నానా?" అన్నారు.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ వెనక ఒక తల్లి ఏడుస్తోంది. సిక్కుల ఇంటి ఆవిడ, కొడుకు ఆ శిబిరంలో అందరికంటే చిన్నవాడు. "దీదీ, ఆప్ కో పతా థా?" అని అడిగింది నన్ను. నాకు తెలుసా అని. తెలుసన్నాను. "తో హమేఁ బతాయా క్యోఁ నహీఁ?" అంది. ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పను? ఫైల్లో ఉందనా? నాయుడు బరువులు ఎత్తించే షెడ్డు గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని.

ఆ రోజు నుంచి విచారణ అన్నారు. విచారణంటే నేను ఒక నోట్ రాయాలి, ఉంచాలా తీసెయ్యాలా అని. అది తేలేదాకా షెడ్డులో ఉండనిచ్చారు గానీ పిల్లలు సగానికి సగం రావడం మానేశారు.

రమణ

ఆ వారంలోనే ఒక కుర్రాడు నా ఆఫీసుకు వచ్చాడు. ఇరవై మూడో, నాలుగో ఉంటాయి. కుర్చీ నా ఎదురుగా ఉంటే, దాన్ని జరిపి పక్కకు తిప్పుకున్నాడు.

"ఏం అనుకోకండి మేడమ్, ఇటువైపు కూర్చుంటాను. నాకు ఎడం చెవి వినపడదు."

అంతే, నాకు తెలిసిపోయింది. చేతిలో ఉన్న కప్పు కింద పెట్టేశాను.

పేరు రమణ. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో గది తీసుకుని సివిల్స్‌కు చదువుతున్నాడు. అశోకా రోడ్ భోజనంలో తిరిగిన వార్త అతని చెవిన కూడా పడింది.

"ఆయన్ని తీసెయ్యమని చెప్పడానికి వచ్చావా?" అన్నాను.

"లేదు మేడమ్. నిజంగా ఆయనేనా, ఇంకెవరైనానా అని తెలుసుకుందామని."

ఆయనేనని చెప్పాను. ఇప్పుడు కొట్టడం లేదని కూడా చెప్పాను. రమణ శ్రద్ధగా విన్నాడు. అతని ముఖంలో కోపం కోసం వెతికాను. అలసట కనిపించింది, చదువుకునే పిల్లల కళ్ళలో ఉండేది.

"చిన్నప్పట్నుంచి పోలీసాఫీసర్ అవ్వాలని మేడమ్ నాకు. ఒళ్ళు గట్టిపడుతుందని మా నాన్న అందుకే వెయిట్‌లిఫ్టింగ్‌కి పంపించాడు. ఇప్పుడు పరీక్షలో ఎంత ర్యాంకు వచ్చినా మెడికల్‌లో ఆ సర్వీసుకి పనికిరానంటారు. వేరే సర్వీసుల కోసం రాస్తున్నాననుకోండి." బల్ల మీదున్న ఫైళ్ళవైపు చూసి, "మీ రూల్స్ ప్రకారం ఆయన అర్హుడేనట కదా?" అన్నాడు.

"అవును."

"నేనే అనర్హుణ్ణి" అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు. లెక్క సరిచూసుకున్నట్టు అన్నాడు.

అప్పటికే ఈ కుర్రాడు వచ్చాడని ఖన్నా సాబ్‌కు ఎవరో చెప్పారు. ఆయన నన్ను లోపలికి పిలిచి ఉపాయం చెప్పారు. "లడ్కే సే లిఖ్వా లో, మాఫ్ కర్ దియా. తల్లిదండ్రులకు అది చూపిస్తే గొడవ చల్లారుతుంది. కోచ్ మిగులుతాడు." క్షమించానని కుర్రాడితో రాయించుకోమన్న ఆ మాటను నేను బయటికి వచ్చి రమణతో చెప్పాను. చెబుతున్నప్పుడే సిగ్గేసింది.

"ఉంచమని రాయను మేడమ్. తీసెయ్యమనీ రాయను. ఇది మీ ఉద్యోగం. చెవీ నాదే పోయి, నిర్ణయం కూడా నేనే చెయ్యాలా?"

నా ఉద్యోగజీవితంలో నన్ను అంత సరిగ్గా నా కుర్చీలో కూర్చోబెట్టినవాళ్ళు ఇంకెవరూ లేరు.

లేవబోతూ అతనే ఇంకో మాట అన్నాడు. "ఒక్కటి మాత్రం మీకు తెలియాలి. మా స్కూలుకి రాకముందు ఇంకో స్కూల్లో ఆయన ఒకడి చెయ్యి విరగ్గొట్టాడు. అక్కడ మంచి సర్టిఫికెట్ ఇచ్చి పంపేశారు. మా నాన్నకి అది కోర్టులో తెలిసింది. ముందే తెలిస్తే నన్ను పంపేవాడిని కాదని ఇప్పటికీ అంటాడు."

కుడివైపు

రమణకు ఆ షెడ్డు చూడాలనిపించింది. తీసుకెళ్ళాను. మిగిలిన కొద్దిమంది పిల్లలు సుద్ద పాదాల్లో నిలబడి కర్రలు ఎత్తుతున్నారు. నాయుడు తలెత్తి చూశాడు. తొమ్మిదో తరగతి కుర్రాడు పెద్దవాడైపోయినా వెంటనే గుర్తుపట్టాడు. దగ్గరికి వచ్చి, ఎడమవైపు నిలబడి నోరు తెరిచాడు. ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు. చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చి, అప్పుడు మాట్లాడాడు. నాకు వినపడలేదు. రమణ ఆ పాదాల బొమ్మల్ని చూసి బయటికి వచ్చేశాడు.

"క్షమించమన్నారు" అని మాత్రం నాతో చెప్పాడు. తనేమన్నాడో నేను అడగలేదు.

బస్టాపుకు వెళ్ళిపోతుంటే, ఒకసారి ఇంటికి భోజనానికి రమ్మని చెప్పలేదే అని గుర్తొచ్చింది. వెనకాలే వెళ్ళి "రమణా" అని పిలిచాను. రోడ్డు మీద బస్సుల రొద. నేను అతనికి ఎడమవైపున ఉన్నాను. మళ్ళీ పిలిచాను. తిరక్కుండానే బస్సెక్కి వెళ్ళిపోయాడు.

షెడ్డులోకి తిరిగొచ్చి నాయుణ్ణి అడిగాను, ముందు స్కూల్లో చెయ్యి విరిగిన పిల్లాడి సంగతేమిటని.

"దానికి కేసు నేదు కదమ్మా. కేసు నేందాన్ని ఎవులడుగుతారు? మీరూ అడగనేదు."

నిజమే. శిక్ష పడిందా అనే అడిగే నిబంధనలు మావి. పిల్లలకు ఏమైంది అని అడిగేవి కావు.

రెండు రోజులు ఆలోచించి నోట్ రాశాను. నాయుణ్ణి ఉంచాలని రాశాను. కానీ రెండు సంగతులూ, చెవీ చెయ్యీ, ప్రతి తల్లికీ తండ్రికీ అతనే స్వయంగా చెప్పాలి, విన్నాక ఒప్పుకున్నవాళ్ళ పిల్లలే ఉండాలి, ఇంకో పెద్ద మనిషి లేకుండా ఏ కోచ్ దగ్గరా పిల్లల్ని వదలకూడదు, చెయ్యి చేసుకున్న కోచ్ ఎవరైనా ఆ రోజే ఇంటికి వెళ్ళాలి అని రాశాను. నా తీర్పు తప్పని మీకు అనిపిస్తే అనిపించవచ్చు. కొట్టనని చేతులు కట్టుకున్నవాడు ఆ ఊళ్ళో అతనొక్కడే, అతని కోపం ఎంతటిదో అతనికి తెలుసు. ఈ మాట రమణ ఎదుట అనగలవా అని అడిగితే మాత్రం, అనలేను.

ఖన్నా సాబ్ నోట్ చదివి, "చెయ్యి చేసుకున్న ప్రతివాణ్ణీ పంపేస్తే కోచింగ్ మీరూ నేనూ ఇస్తామా మిసెస్ రావ్?" అని నవ్వారు. నాయుణ్ణి ఆ సాయంత్రమే తీసేశారు. కారణం 'అభ్యర్థి వ్యక్తిగత అసౌకర్యం' అని రాసి, వెళ్ళేటప్పుడు చేతిలో ఒక నడవడిక సర్టిఫికెట్ కూడా పెట్టారు. చాలా మంచి సర్టిఫికెట్. నాయుడు దాన్ని నా బల్ల మీద వదిలేసి వెళ్ళాడు.

తర్వాత గ్రేటర్ నోయిడాలో కొత్తగా కడుతున్న ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉన్నాడని విన్నాను. వెళ్ళి చూడలేదు.

బంటీ

నాయుడి స్థానంలో వచ్చినతని కాగితాల్లో మచ్చలేదు. వెరిఫికేషన్ కూడా వింతగా త్వరగానే వచ్చింది. పిల్లలందరూ తిరిగొచ్చారు. సుబ్బారావుగారు గేటు దగ్గర కనపడి, "ఇప్పుడు దార్లో పడ్డారండీ" అన్నారు సంతోషంగా.

షెడ్డులోకి వెళ్ళాను. సుద్ద పాదాలు కడిగేశారు. బంటీ ఒక మూల నిలబడి ఉన్నాడు, ఎడమ చెంపకు అరచెయ్యి ఆనించుకుని.

"క్యా హువా బేటా?"

"కుఛ్ నహీఁ ఆంటీ." ఏమీ లేదట.

కొత్త కోచ్ నవ్వుతూ వచ్చాడు. "థోడా డిసిప్లిన్, మేడమ్. లేట్ ఆయా థా." ఆలస్యంగా వచ్చాడట.

ఆ కోచ్‌తో నేను అన్న మాటలు ఇక్కడ రాయను. వాటివల్ల ఏమీ కాలేదు. ఆ రోజు నేను రాసిన ఫిర్యాదు ఖన్నా సాబ్ బీరువాలోకి వెళ్ళింది, ఫైల్లో ఉంది, బస్. అంతకుముందు మాత్రం నేను ఒక పని చేశాను. బంటీని చెయ్యి దించి గోడవైపు తిరిగి నిలబడమన్నాను. వెనక్కి నడిచి, అతనికి ఎడమవైపున, నాకే సరిగ్గా వినపడనంత మెల్లగా, "బంటీ" అన్నాను.

తిరగలేదు. ఇంకో అడుగు ముందుకేసి మళ్ళీ అన్నాను.

"జీ ఆంటీ?" అని తిరిగాడు. ఏడుపు ఆపుకుంటున్నాడు, అందుకని మొదటిసారి పలకలేదు. నేను అక్కడే బెంచీ మీద కూలబడిపోయాను.

రిటైరయ్యేదాకా ప్రతి శిబిరంలోనూ అదే చేశాను. కాగితాలు చూసేదాన్ని, కోచ్‌తో మాట్లాడేదాన్ని, ఆ తర్వాత పిల్లల వెనక నడుస్తూ ఒక్కొక్కరినీ మెల్లగా పేరుపెట్టి పిలిచేదాన్ని. మేడమ్‌కు చాదస్తమని వెనక నవ్వుకునేవారు. నా చెల్లెలి కూతురికి నేను నేర్పగలిగింది అదొక్కటే. కంప్యూటర్ అంతా చూశాక ఒకసారి మైదానానికి వెళ్ళి పిల్లల వెనక నిలబడు, పిలువు, తిరిగేదాకా కదలకు. నేను పిలిచిన పిల్లలందరూ తిరిగారు, ఆ బస్సెక్కి వెళ్ళిపోయినవాడు తప్ప.